చికిత్సకు తగనిదన్న గాయం: వెన్నుపాము దెబ్బ, మత్తు వైద్యం, పర్యవేక్షణల చరిత్ర

గత పాఠ్యభాగంలో శస్త్రచికిత్సలో మత్తుమందు ప్రవేశించిన తీరును చదువుకున్నారు. ఈ భాగంలో వెన్నుపాముకు హఠాత్తుగా దెబ్బ తగిలిన మనిషిని వైద్యులు ఎలా చూశారు, ఆ చూపు ఎప్పుడు, ఎందుకు మారింది అన్న విషయాన్ని పరిశీలిద్దాం. మీలో ఎక్కువమంది చరిత్ర విద్యార్థులు, వైద్యం చదువుకున్నవారు కాదు. నేనూ కాదు. అందువల్ల శరీరధర్మశాస్త్రం అవసరమైన చోట ఒకటి రెండు వాక్యాల్లో చెబుతూ వెళ్తాను.

పపైరస్‌లోని తీర్పు

1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ ఈజిప్టులోని లక్సర్‌లో ఒక పాత పపైరస్ చుట్టను కొన్నాడు. అది సుమారు క్రీ.పూ. 1600 నాటి ప్రతి. అంతకంటే ఎంతో పాత గ్రంథానికి అది నకలు అని పండితుల అభిప్రాయం. దాన్ని జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ ఆంగ్లంలోకి అనువదించి 1930లో ప్రచురించాడు. అందులో 48 గాయాల వివరణ ఉంది. ప్రతి గాయం చివర వైద్యుడు మూడు తీర్పుల్లో ఒకటి చెబుతాడు: చికిత్స చేస్తాను, పోరాడి చూస్తాను, ఇది చికిత్స చేయదగినది కాదు.

31వ గాయం మెడపూస తొలగిన మనిషిది. అతనికి తన కాళ్లు చేతులు ఉన్నట్లే తెలియదు. మూత్రం తనకు తెలియకుండానే కారిపోతుంది. ఈ వర్ణనలో నేటి వైద్యుడు తప్పుపట్టవలసింది దాదాపు ఏమీ లేదు. ఆ ప్రాచీన వైద్యుడు మెడలోని దెబ్బకూ, కాళ్లు చచ్చుబడటానికీ సంబంధం ఉందని గుర్తించాడు. ఆ తర్వాత మూడో తీర్పు చెప్పాడు.

ఇది క్రూరమైన మాట అని విద్యార్థులు తరగతిలో అంటుంటారు. నా అభిప్రాయం వేరు. ఆ వైద్యుడు తాను చూసింది చూసినట్లు రాశాడు. ప్రశ్నించవలసింది అతన్ని కాదు. మూడున్నర వేల ఏళ్ల తర్వాత కూడా అదే తీర్పును పట్టుకుని కూర్చున్నవారిని ప్రశ్నించాలి.

వాళ్లు నిజంగానే పట్టుకుని కూర్చున్నారు. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ నౌకాయుద్ధంలో అడ్మిరల్ నెల్సన్ వెన్నెముకలోంచి తుపాకీ గుండు దూసుకుపోయింది. ఛాతీ కింద స్పర్శ పోయిందని ఆయనే వైద్యుడు విలియం బీటీకి చెప్పాడు. చేయగలిగింది ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. సుమారు మూడు గంటల్లో నెల్సన్ మరణించాడు. 140 ఏళ్ల తర్వాత, 1945 డిసెంబరు 9న జర్మనీలోని మాన్‌హైమ్ దగ్గర అమెరికన్ జనరల్ జార్జి ప్యాటన్ ప్రయాణిస్తున్న కారు లారీని ఢీకొంది. మెడపూసలు విరిగి ఆయన శరీరం చచ్చుబడింది. అప్పటికి పెన్సిలిన్ ఉంది, ఎక్స్‌రే ఉంది, ప్రపంచంలోకెల్లా సంపన్నమైన సైన్యపు వైద్యవిభాగం పక్కనే ఉంది. అయినా 12వ రోజున ఆయన హైడెల్‌బర్గ్ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల ఉపద్రవంతో కన్నుమూశాడు.

మనుషులు దేనివల్ల మరణించారు?

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. ప్యాటన్ చనిపోయింది మెడ విరిగినందుకు కాదు, ఊపిరితిత్తులు చెడినందుకు. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్నుపాము తెగిన సైనికుల్లో 80 శాతం మంది తొలి కొన్ని వారాల్లోనే మరణించారని శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ రాశాడు. వారిని చంపినవి ప్రధానంగా రెండు: ఒకే పక్కన పడుకోబెట్టడంవల్ల ఏర్పడి ఎముక దాకా దిగే పడక పుండ్లు, మూత్రాశయం నుంచి మూత్రపిండాలకు పాకే చీము. దెబ్బ మెడలో తగిలితే వీటికి ముందే శ్వాస ఆగిపోయేది.

అంటే తెగిన వెన్నుపామును అతికించలేకపోయినా, మనిషిని బతికించడానికి అవకాశం ఉందన్నమాట. చికిత్స చేయదగనిదన్న తీర్పు ఆ అవకాశాన్ని కనిపించకుండా చేసింది. ఎలాగూ చనిపోతాడనుకున్న రోగిని రాత్రిపూట ఎవరు పక్కకు తిప్పుతారు? తిప్పనందువల్ల పుండు పడి చనిపోతాడు. దాంతో తీర్పు మరోసారి రుజువైనట్లు కనిపిస్తుంది.

నాడిని చూడాలా, ఊపిరిని చూడాలా?

కాసేపు హైదరాబాదుకు వద్దాం. మత్తులో ఉన్న రోగిలో దేన్ని కనిపెట్టి ఉండాలి అన్న ప్రశ్నపై 19వ శతాబ్ది చివర పెద్ద వివాదం జరిగింది. దానికి ఒక కేంద్రం మన హైదరాబాదు నగరమే. అక్కడి వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరో సంప్రదాయానికి చెందినవాడు. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు రోగి ఊపిరిని గమనిస్తే చాలు, నాడి చూడనక్కర లేదు అని అతని వాదం. లండన్ వైద్యులు గుండె ముందుగా ఆగవచ్చు, నాడి చూడాలి అనేవారు. నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ పోషణలో 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫారం కమిషన్లు జరిగాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక తరఫున ప్రతినిధిని పంపడానికి నిజాం 1000 పౌండ్లు ఇచ్చాడు. అలా లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి కమిషన్ లారీ పక్షాన తీర్పు చెప్పింది. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో, తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగగలదని తేలింది. హైదరాబాదు తీర్పు నిలవలేదు.

వెన్నుపాము రోగి ఈ వివాదంలో రెండు పక్షాలూ సగమే నిజమని చూపిస్తాడు. మెడలో 3, 4, 5 మట్టాల నుంచి బయలుదేరే ఫ్రెనిక్ నాడి ఉదరవితానాన్ని కదిలిస్తుంది. దెబ్బ అంతకంటే పైన తగిలితే శ్వాస వెంటనే ఆగుతుంది. కింద తగిలితే ఉదరవితానం పనిచేస్తుంది గాని పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు పనిచేయవు. రోగి గాలి పీల్చగలడు, గట్టిగా దగ్గలేడు. కఫం పేరుకుంటుంది. మొదటి రోజు బాగున్నట్లు కనిపించినవాడు మూడో రోజు ఊపిరాడక పోవడానికి కారణం ఇదే. మరొక విచిత్రం: ఆయాసపడే రోగిని మనం లేపి కూర్చోబెడతాం. మెడ దెబ్బ తగిలిన రోగికి మాత్రం వెల్లకిలా పడుకున్నప్పుడే శ్వాస మెరుగ్గా ఉంటుంది. కూర్చోబెడితే పొట్టలోని అవయవాలు కిందికి జారి ఉదరవితానం పట్టు తప్పుతుంది.

ఇక గుండె సంగతి. రక్తనాళాలను బిగించి ఉంచే, గుండెను వేగపరచే సహానుభూత నాడులు వెన్నుపాములో ఛాతీ, పైనడుము భాగాల నుంచి వెలువడతాయి. మెదడు నుంచి వాటికి వెళ్లే ఆజ్ఞ మెడలో తెగిపోతే నాళాలు వదులవుతాయి, రక్తపోటు పడిపోతుంది. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి మాత్రం వెన్నుపాము గుండా పోదు కాబట్టి చెక్కుచెదరదు. అందుకే రక్తం పోయిన రోగిలా చల్లని చర్మం, వేగంగా కొట్టుకునే నాడి ఇక్కడ కనిపించవు. చర్మం వెచ్చగా, నాడి నెమ్మదిగా ఉంటుంది. ఈ తేడా తెలియక రక్తపోటు కోసం సెలైన్ బాటిళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

రక్తపోటును అంకెలతో కొలిచే అలవాటును అమెరికాకు తెచ్చినవారిలో పైన చెప్పిన హార్వీ కుషింగే ప్రముఖుడు. హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగా తాను ఈథర్ ఇచ్చిన రోగి బల్లమీదే చనిపోవడం అతన్ని కలచివేసింది. 1894-95 ప్రాంతంలో సహాధ్యాయి కాడ్‌మన్‌తో కలిసి మత్తు సమయంలో నాడిని, శ్వాసను కాగితంపై నమోదు చేయడం మొదలుపెట్టాడు. 1901లో ఇటలీలోని పావియాలో రివా-రోచ్చీ తయారుచేసిన చేతిపట్టీని చూసి వచ్చి, రక్తపోటును కూడా ఆ పట్టికలో చేర్చాడు. నేడు ప్రతి ఆపరేషన్ గదిలో నింపే మత్తు పట్టిక ఆ కాగితానికి వారసురాలు.

రెండు గంటలకొకసారి

1936లో బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో డొనాల్డ్ మన్రో వెన్నుపాము రోగులకు ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పాడు. మూత్రాశయాన్ని క్రమపద్ధతిలో నింపి ఖాళీచేసే విధానం అతనిదే. పేరు మాత్రం లూడ్విగ్ గట్‌మన్‌కు ఎక్కువగా దక్కింది. అది పూర్తిగా అన్యాయమని చెప్పలేను.

గట్‌మన్ 1899లో అప్పటి జర్మనీలోని సైలీషియాలో యూదు కుటుంబంలో పుట్టాడు. నాజీల పాలనలో ఉద్యోగం కోల్పోయి 1939లో ఇంగ్లండుకు శరణార్థిగా చేరాడు. ఫ్రాన్సు తీరంలో మిత్రసేనలు దిగబోతున్నాయి, గాయపడేవారు వందల్లో ఉంటారు అన్న అంచనాతో బ్రిటిష్ ప్రభుత్వం స్టోక్ మాండెవిల్‌లో వెన్నుపాము విభాగం తెరిచి అతనికి అప్పగించింది. 1944 ఫిబ్రవరి 1న 26 పడకలతో అది ప్రారంభమైంది. ఆ పదవి కోసం పోటీపడినవారు పెద్దగా లేరు. చనిపోయేవారి వార్డుకు అధిపతిగా ఉండాలని ఎవరు కోరుకుంటారు?

గట్‌మన్ చేసిన పనిలో కొత్త యంత్రం ఏదీ లేదు. రోగులను బిగించి తెచ్చిన ప్లాస్టరు తొట్లను తీయించాడు. పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి ప్రతి రోగినీ పక్కకు తిప్పాలని ఆజ్ఞాపించాడు. మూత్రపు గొట్టాన్ని పరిశుభ్రంగా పెట్టే పనిని కింది ఉద్యోగికి వదలకుండా వైద్యుడి బాధ్యత చేశాడు. పుండ్లు మానాయి, జ్వరాలు తగ్గాయి. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఆ ఆసుపత్రి ఆవరణలో 16 మంది చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్య పోటీలో పాల్గొన్నారు. పారాలింపిక్స్‌కు అదే మూలం. అయితే క్రీడల కథ చెప్పేవారు రాత్రి రెండు గంటలకు రోగిని తిప్పిన నర్సులను మరచిపోతారు. నా లెక్కలో అసలు చరిత్ర అక్కడుంది.

ఊపిరి విషయంలో మలుపు మరొక వ్యాధి నుంచి వచ్చింది. 1952లో కోపెన్‌హాగన్ నగరాన్ని పోలియో ముంచెత్తింది. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఆపరేషన్ గదిలో వాడే పద్ధతిని వార్డులోకి తెచ్చాడు. ఆగస్టులో 12 ఏళ్ల బాలిక గొంతులో రంధ్రం చేయించి, గొట్టం ద్వారా చేత్తో సంచి నొక్కుతూ గాలి అందించాడు. ఆ తర్వాత దాదాపు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా నెలల తరబడి సంచులు నొక్కారు. నేటి ఐ.సి.యు. అక్కడి నుంచే పుట్టింది. మెడ విరిగిన రోగి మొదటి వారాలు దాటగలగడం కూడా అప్పటి నుంచే సాధ్యమైంది.

నొప్పి తెలియనివాడికి మత్తు ఎందుకు?

ఈ ప్రశ్న సహజమైనది. కాలు తెగినా తెలియని రోగికి కాలి ఆపరేషన్‌లో మత్తు దేనికి? 1917లో హెడ్, రిడాక్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు, మూత్రాశయం నిండినప్పుడు ఇలాంటి సైనికులకు విపరీతంగా చెమటలు పట్టడం గమనించారు. 1947లో గట్‌మన్, శరీరధర్మ శాస్త్రవేత్త విటెరిజ్‌తో కలిసి ఆ సమయంలో రక్తపోటు కొలిచాడు. అది ప్రమాదకరమైన స్థాయికి ఎగసింది. తొలి వారాల స్తబ్ధత తీరాక, గాయానికి కింద ఉన్న వెన్నుపాము తనంతట తాను ప్రతీకార చర్యలు మొదలుపెడుతుంది. దాన్ని అదుపు చేసే మెదడు ఆజ్ఞ అక్కడికి చేరదు. ఛాతీపూసల్లో 6వదానికి పైన దెబ్బ తగిలినవారిలో ఇది ముఖ్యంగా కనిపిస్తుంది. రోగికి నొప్పి తెలియదు గాని రక్తపోటు 200 దాటి మెదడులో నాళం చిట్లవచ్చు. మత్తు ఇచ్చేది ఈ తుపానును ఆపడానికి.

మరో పాఠం ప్రాణాలు పోయాకే తెలిసింది. సక్సినైల్‌కోలిన్ 1951 నుంచి వాడుకలోకి వచ్చిన మందు. నిమిషంలో కండరాలన్నీ సడలించి, కొన్ని నిమిషాల్లో తానే విరిగిపోతుంది. గొంతులో గొట్టం వేయడానికి అంతకంటే అనువైనది లేదని వైద్యులు మెచ్చుకున్నారు. వియత్నాంలో గాయపడిన సైనికులకు మత్తు ఇచ్చిన అమెరికన్ వైద్యులు ఒక వింత చూశారు. గాయపడిన రోజున ఈ మందు ఏ హానీ చేయలేదు. వారాల తర్వాత మరో ఆపరేషన్‌కు అదే మనిషికి అదే మందు ఇస్తే గుండె ఆగిపోయేది. 1969, 1970ల్లో ఈ నివేదికలు మత్తు వైద్య పత్రికల్లో వచ్చాయి, వాటిలో కాళ్లు చచ్చుబడిన రోగులూ ఉన్నారు. కారణం తర్వాత స్పష్టమైంది. నాడి సంబంధం తెగిన కండరం తన పొరంతటా కొత్త గ్రాహకాలను మొలిపిస్తుంది. మందు వాటన్నిటినీ ఒకేసారి తెరిచినప్పుడు కండరాల్లోని పొటాషియం రక్తంలోకి పొంగుతుంది. అందువల్ల దెబ్బ తగిలిన తొలి రెండు రోజులు దాటాక, నెలల తరబడి ఈ మందును దూరంగా ఉంచుతారు.

గొట్టం వేయడమే ఒక గండం. మామూలుగా తల వెనక్కి వంచితే గొంతు కనిపిస్తుంది, విరిగిన మెడలో ఆ వంపే మిగిలిన నాడిని తెంచవచ్చు. ఒకరు తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుంటే మరొకరు గొట్టం వేస్తారు. 1967లో లండన్‌లో పీటర్ మర్ఫీ పిత్తనాళం చూసే వంగే దుర్భిణితో ముక్కు ద్వారా గొట్టం వేసి మరో దారి చూపాడు. గొట్టం వేశాకా ప్రమాదం తీరదు. కఫం లాగేటప్పుడు వేగస్ నాడి రేగి గుండె ఆగవచ్చని 1975లో స్టోక్ మాండెవిల్ వైద్యులు వివరించారు. ముందుగా ఆక్సిజన్, దగ్గర్లో అట్రోపిన్ ఉండాలన్న నియమం అలా వచ్చింది. ఆక్సిజన్ తగ్గడాన్ని వేలికొనపై తెలిపే పల్స్ ఆక్సీమీటర్‌కు మూలసూత్రాన్ని జపాన్‌లో తకువో అయోయాగి ప్రకటించింది దాదాపు ఆ రోజుల్లోనే, 1974లో.

రెండో దెబ్బ, రెండు అంకెలు

1911లో ఫిలడెల్ఫియాలో ఆల్‌ఫ్రెడ్ ఆలెన్ కుక్కల వెన్నుపాముపై కొలిచిన బరువును జారవిడిచి పరిశీలించాడు. తగిలిన దెబ్బతో నష్టం పూర్తికాదు, తర్వాతి గంటల్లో వాపు, రక్తస్రావం వల్ల అది పెరుగుతూపోతుంది అని సూచించాడు. మిగిలి ఉన్నదాన్ని కాపాడటం అన్న ఆలోచన ఇక్కడి నుంచి బయలుదేరింది. దాని నుంచి రెండు చికిత్సలు పుట్టాయి. రెండింటి చరిత్రా చదవదగినది.

మొదటిది స్టెరాయిడ్. 1990లో అమెరికాలో 487 మంది రోగులపై జరిగిన అధ్యయనం, దెబ్బ తగిలిన 8 గంటల్లోపు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇస్తే మేలు జరుగుతుందని చెప్పింది. పత్రికలో వ్యాసం రాకముందే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వైద్యులకు ఆ వార్త చేరవేసింది. మోతాదు కిలో బరువుకు 30 మిల్లీగ్రాములు, ఆపైన గంటకు 5.4 చొప్పున 23 గంటలు. 60 కిలోల మనిషికి లెక్కవేస్తే తొమ్మిది గ్రాములు దాటుతుంది. ఆ మేలు మొత్తం రోగుల్లో కాక, 8 గంటలన్న గీత గీసి విడదీసిన ఒక భాగంలోనే కనిపించిందని విమర్శకులు ఎత్తిచూపారు. అంటువ్యాధులు, కడుపులో రక్తస్రావం పెరగడం కూడా చూపారు. నమ్మకం లేకపోయినా కోర్టు కేసుల భయంతో ఇస్తున్నామని చాలామంది వైద్యులు సర్వేల్లో ఒప్పుకున్నారు. 2013లో అమెరికన్ నాడీ శస్త్రవైద్యుల మార్గదర్శకాలు ఈ మందును సిఫారసు చేయడం లేదని ప్రకటించాయి. అయినా వివాదం సద్దుమణగలేదు.

రెండోది రక్తపోటు. వాచిన వెన్నుపాముకు రక్తం అందాలంటే సగటు ధమనీ పీడనం తగినంత ఉండాలి. దీన్ని లెక్కించడం తేలిక: కింది అంకెకు, రెండు అంకెల తేడాలో మూడో వంతు కలపాలి. 120/80 ఉన్నవారిలో అది 93, 80/50కి పడిపోయిన రోగిలో 60. 1997లో అలబామా వైద్యులు 77 మంది రోగుల్లో దీన్ని 85కు పైన వారం రోజులు నిలిపి, ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని రాశారు. పోల్చి చూడటానికి మరో బృందం లేదు. అయినా 2002 నుంచి మార్గదర్శకాలు 85 నుంచి 90 వరకు, 7 రోజులు అని చెప్పాయి, ప్రపంచమంతటా ఐ.సి.యు.లు పాటించాయి. 2024లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కింది హద్దును 75-80కి దించి, పై హద్దును 90-95గా పెట్టి, వ్యవధిని 3 నుంచి 7 రోజులు అన్నాయి. ఇక్కడ చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. బలహీనమైన ఆధారంతో స్టెరాయిడ్ పడిపోయింది, అంతకంటే బలమైనదని చెప్పలేని ఆధారంతో రక్తపోటు అంకె ఎందుకు నిలిచింది? ఒక మందును నిరాకరించడం సులువు, పడిపోతున్న రక్తపోటును చూస్తూ ఊరుకోవడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు అని నాకు తోచిన సమాధానం. మీకు వేరే సమాధానం తోచవచ్చు.

మన దగ్గర

మా చిన్నతనంలో మా ఊళ్లో ఒక గీత కార్మికుడు తాటిచెట్టు మీద నుంచి జారిపడ్డాడు. నలుగురు పరుగెత్తి కాళ్లు ఇద్దరు, చేతులు ఇద్దరు పట్టి ఎత్తి ఎడ్లబండిలో వేశారు. తల వెనక్కి వేలాడుతూనే ఉంది. వాళ్లు చేసింది ప్రేమతోనే. కొట్టంలోంచి ఒక తలుపు ఊడదీసి తెచ్చి, దానిమీద అతన్ని కదలకుండా జరపాలన్న సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. పన్నెండు రోజులకు పోయాడు. ప్యాటన్ కూడా అన్ని రోజులకే పోయాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. తెలంగాణ పల్లెల్లో ఈ వృత్తిలో ఉన్నవారికి చెట్టు మీద నుంచి పడటం నేటికీ తప్పని భయం. 2005 ఆగస్టులో మొదలైన 108 వాహనాలు మెడపట్టీ, గట్టి బల్ల ఊరిదాకా తెచ్చాయి. అవి వచ్చేదాకా రోగిని కదపకుండా ఆగడం మాత్రం ఊరివారి చేతుల్లోనే ఉంది.

మనదేశంలో పునరావాస వైద్యానికి దారివేసినవారిలో ఇద్దరు తామే వెన్నుపాము రోగులు. 1965లో ఎవరెస్టు ఎక్కిన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లువాలియా అదే ఏడు యుద్ధంలో గుండు తగిలి కాళ్లలో చలనం కోల్పోయాడు. స్టోక్ మాండెవిల్‌లో చికిత్స పొంది వచ్చి, తర్వాతి కాలంలో ఢిల్లీలో వెన్నుపాము గాయాల ఆసుపత్రి స్థాపనకు పూనుకున్నాడు. ఆయన కంటే ముందున్నది డాక్టర్ మేరీ వర్ఘీస్. వెల్లూరులో యువ వైద్యురాలిగా ఉండగా 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె నడుము కింద చచ్చుబడింది. కోలుకున్నాక చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఆపైన న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చింది. 1966లో వెల్లూరులో ఆమె ఆధ్వర్యంలో పునరావాస కేంద్రం తెరుచుకుంది.